ఈసారి ఊరు ఎస్తేరమ్మ చెప్తుంది

నంద్యాల జిల్లా అయిన మరుసటి ఏడాది, వినాయక చవితికి కాస్త ముందు, ఒక విత్తనాల కంపెనీ తన డీలర్లను విదేశానికి తీసుకుపోయే పనిని మా ఆఫీసుకు అప్పజెప్పింది. కంపెనీ పేరు చెప్పను, అడగొద్దు. అప్పుడు నేను నంద్యాల బస్టాండు ఎదురుగా ఉన్న ఒక ట్రావెల్ ఆఫీసులో టూర్ మేనేజర్ని. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరం సంతోషంగానే విడిపోయాం. టూరిస్టు బస్సులో క్లీనరుగా చేరాను. యాత్రల వంటవాడికి ఉల్లిగడ్డలు తరిగాను. అట్లా అట్లా పదిమంది పాస్‌పోర్టులు సంచిలో పెట్టుకొని తిరిగే స్థాయికి వచ్చాను. టూర్ మేనేజరంటే పెద్ద హోదా అనుకునేరు. జెండా పట్టుకొని ముందు నడిచేవాడు గైడు. వెనకాల తలకాయలు లెక్కపెట్టుకుంటూ, తప్పిపోయినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చేవాడు టూర్ మేనేజరు.

డీలర్ల యాత్ర అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు గనక చెప్తాను. విత్తనాల కంపెనీలు ఖరీఫ్‌కు ముందు ప్రతి అంగడికీ ఒక టార్గెట్ పెడతాయి. దాన్ని దాటినవాళ్ళను కంపెనీ ఖర్చుతో విదేశం తిప్పుకొస్తాయి. పత్తి, మొక్కజొన్న విత్తనాల అమ్మకం అయిపోయి, శనగ విత్తే పని ఊపందుకునేలోపు డీలర్లకు చిన్న సందు దొరుకుతుంది. దసరాకు అటూ ఇటూ. పుస్తకాల్లో దాన్ని శరదృతువు అంటారు. మా నంద్యాలలో దాన్ని ఎండ ఇంకా తగ్గని కాలం అంటాం.

ఏ దేశం పోవాలో ఎవరు చెప్పాలి అన్నదానికి ఈ కంపెనీలో ఒక రివాజు ఉండేది. ఏటా సెప్టెంబరులో లాడ్జి మేడమీది హాల్లో డీలర్లందరికీ భోజనాలు పెట్టేవాళ్ళు. ఆ ఏడాది అమ్మకాల్లో మొదట వచ్చిన డీలరుకు దండ వేస్తారు. అతను ఒక ఊరి పేరు చెప్తాడు. ఏరియా మేనేజరు ఆ పేరును మైకులో మళ్ళీ చెప్తాడు. అప్పుడుగానీ బిర్యానీ గిన్నెల మూతలు తీయరు. ముందే భోజనం పెడితే డీలర్లు ఉపన్యాసాలు వినకుండా బస్సెక్కి పోతున్నారని ఎవరో పాత మేనేజరు పెట్టిన ఏర్పాటట అది. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని శాస్త్రం చేసేశారు.

ఇందులో ఊరు ఎంచుకునే శ్రమ ఏమీ ఉండేది కాదు. మొదటివాడు ఎవడైనా చెప్పేది బ్యాంకాకే. సంజామల డీలరు రంగన్న, కరోనాకు యాత్రలు ఆగిన ఏళ్ళు పోను, వరసగా మూడేళ్ళు మొదటివాడుగా వచ్చి మూడేళ్ళూ బ్యాంకాకే చెప్పాడు. తిరిగొచ్చాక ఏం చూశారని ఇంట్లో అడిగితే అందరూ ఒకే బుద్ధుడి గుడి ఫోటో చూపించేవాళ్ళు. ఆ ఫోటో తీసి అందరి ఫోన్లకూ పంపింది నేనే. టూర్ మేనేజరు విధుల్లో అదీ ఒకటి.

ఆ ఏడాది మాత్రం మొదట వచ్చింది ఆళ్ళగడ్డ ఎస్తేరమ్మ.

భర్త పోయినాక అంగడి తీసుకొని, అప్పులిచ్చే చోట ఇస్తూ, తిట్టే చోట తిడుతూ, మగ డీలర్లందరినీ దాటేసిన మనిషి. అంతకుముందు కూడా టార్గెట్ దాటింది. ఆ ప్రతిసారీ యాత్రకు రమ్మనకుండా, ఆమెను అడగనైనా అడగకుండా, మిక్సీయో కుక్కరో అంగడికి పంపించారు. ఈసారి మొదటి స్థానం కాబట్టి కుక్కరుతో పోయేది కాదు. ఊరు చెప్పే హక్కు ఆమెది.

కంపెనీ ఏరియా మేనేజరు మా ఆఫీసుకు వచ్చి అద్దం తలుపు వేశాడు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు, మెత్తగా మాట్లాడతాడు. ఆడమనిషి ఒక్కతే పాతికమంది మగాళ్ళ మధ్య ఇబ్బంది పడుతుందని ఆయన బాధ. మీకు ఆవిడ తెలుసు కదా, ఆళ్ళగడ్డ వెళ్ళి నచ్చజెప్పండి, యాత్ర బదులు బంగారు నాణెం ఇస్తాం, ఊరి పేరు చెప్పే గౌరవం రంగన్నకు వదిలేస్తే అందరికీ బాగుంటుంది అన్నాడు. ఆమె ఇబ్బంది పడుతుందని ఆమె చెప్పిందా సార్ అని అడిగాను. ఆయన గడియారం చూసుకున్నాడు.

మరుసటి రోజు ఆళ్ళగడ్డ పోయాను. రేకుల కింద అంగడి. పురుగుమందు వాసన, పక్కనే శిల్పాలు చెక్కే చోటు నుంచి ఉలి చప్పుడు. ఆ చప్పుడు మధ్య మాట్లాడి మాట్లాడి ఆళ్ళగడ్డ మెయిన్ రోడ్డు వాళ్ళకు గొంతు తగ్గించడం చేతకాదు. నేను స్టూలు మీద ఇంకా కూర్చోనే లేదు.

“ఏందన్నా దస్తగిరన్నా, నన్ను ఇంట్లో కూర్చోబెట్టేదానికి నిన్ను పంపించినారా?” అంది.

నాణెం సంగతి చెప్పాను. ఏది పంపితే అది చేర్చడం కూడా మా విధే.

“రంగన్నకు ఎప్పుడన్నా నాణెం తీసుకొమ్మన్నారా?”

లేదన్నాను.

“మరి ఆయప్పకు విమానం, నాకు నాణెమా? పొయ్యి చెప్పు. నేను వస్తాండా. ఊరు కూడా నేనే చెప్తా.”

ఆ మాట చాలు నాకు. మేనేజరు పని అక్కడితో అయిపోయింది, నా పని మొదలైంది. యాడికి పోదామనుకుంటున్నావమ్మా అని అడిగాను. చర్చిలో పాస్టరుగారు యెరూషలేం చెప్పమన్నారట. మంచిదే కదా అన్నాను.

“యెరూషలేముకు చర్చివాళ్ళతో పోతా అన్నా, పాటలు పాడుకుంటా. వీళ్ళను పిలుచుకొని పోతే ప్రభువుకే తలనొప్పి,” అంది.

తర్వాత కౌంటరు మీదికి వంగి అసలు ప్రశ్న అడిగింది. “ఆ నెలలో యాడన్నా చలి ఉండాదా? స్వెట్టరు ఏసుకొనే చలి?”

ఇక్కడ వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. ఊరు ఎంచుకునేటప్పుడు మనవాళ్ళు బొమ్మ చూస్తారు. మేము మూడు సంగతులు చూస్తాం. వీసా ఎన్నాళ్ళు పడుతుంది, తలకు ఇంత అని కంపెనీ పెట్టిన హద్దు దాటుతుందా, ఉన్న సందులో పోయి రాగలమా. యూరప్ అంటే వీసాకు హైదరాబాదు పోయి వేలిముద్రలు ఇవ్వాలి, బ్యాంకు కాగితాలు చూపాలి, వాళ్ళు తేల్చేలోపు శనగ మొలకలెత్తుతుంది. జపాను హద్దు దాటుతుంది. బాలీ, మలేషియా అంటే నంద్యాల చెమటే, కాకపోతే సముద్రం పక్కన. ఇవన్నీ తీసేస్తే నా దగ్గర ఒక ఊరు మిగిలింది. కజకిస్తాన్‌లో ఆల్మాటీ. కొన్నాళ్ళ యాత్రకు మనకు వీసా అక్కర్లేదు. ఢిల్లీ నుంచి విమానంలో పట్టే సమయం నంద్యాల నుంచి హైదరాబాదుకు బస్సులో పట్టేదానికంటే తక్కువ. వెనకాల మంచు కొండలు, ముందర చెట్లు.

ఫోన్లో ఫోటో చూపించాను. రోడ్డుకు రెండు పక్కలా పసుపుపచ్చటి చెట్లు. ఎస్తేరమ్మ ఫోను కళ్ళ దగ్గరికి తీసుకుంది.

“ఈ చెట్లకు ఏం తెగులు?”

తెగులు కాదమ్మా, కాలం అన్నాను. చలి ముందర అక్కడ అన్ని చెట్లూ అట్లా పండుబారి రాలిపోతాయి, ఎండ తిరగ్గానే మళ్ళీ చిగురేస్తాయి అన్నాను.

“మందు కొట్టకుండానే?”

“కొట్టకుండానే.”

ఆమె ఆ ఫోటోను చాలాసేపు చూసింది. ఒక రైతు వచ్చి ఏదో అడిగితే ఉండప్పా అంది. తర్వాత నాతో అంది:

“అన్నా, నా అంగట్లోకి దినామూ ఎవరో ఒకరు పండుబారిన ఆకు పట్టుకొని వస్తారు. నీ విత్తనమే ఇట్లా చేసిందని నా మొగాన ఇసిరేస్తారు. నీళ్ళు నిలబడినా నేనే, ఎండ కాసినా నేనే. ఆకు పండితే ఎవరూ ఎవర్నీ తిట్టని ఊరు ఒకటి ఉండాదంటే, నేను సచ్చేలోపల అది చూడాల. రాసుకో. ఆల్మాటీ.”

నేను నంద్యాల చేరకముందే మేనేజరు ఫోను వచ్చింది. సంగతి చెప్పాను. ఆయన మెత్తదనం కాస్త తగ్గింది. ఆవిడ చదువు ఎంత అని అడిగాడు. ఐదు అన్నాను. అయితే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది కదా, ఇమిగ్రేషన్ వాళ్ళు ఆపేస్తారని చెప్పి భయపెట్టండి, లేదంటే విమానం లేదని చెప్పండి, మీరు చెప్తే నమ్ముతుంది అన్నాడు.

ఈసీఆర్ అంటే, పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద వేసే ముద్ర. కొన్ని దేశాలకు కూలి పనికి పోయేటప్పుడు మోసపోకుండా ప్రభుత్వం అనుమతి తీసుకోవాలని దాని అర్థం. యాత్రకు పోయేవాళ్ళకు, తిరుగు టికెట్టు ఉన్నవాళ్ళకు అది అడ్డం కాదు. పైగా ఆ దేశాల పట్టికలో థాయ్‌లాండ్ ఉంది గానీ కజకిస్తాన్ లేదు. ఆ ముద్ర నా పాస్‌పోర్టు మీదా ఉంది. రంగన్న పాస్‌పోర్టు మీదా ఉంది. మూడేళ్ళు బ్యాంకాకు పోయొచ్చాడు, ఎవరూ ఆయన చొక్కా పట్టుకోలేదు. ఈ సంగతి మేనేజరుకు చెప్పాను.

ఆయన గొంతు మళ్ళీ మెత్తబడింది. వచ్చే ఏడాది కూడా ఈ పని మీ ఆఫీసుకే ఇవ్వాలని నా ఉద్దేశం అన్నాడు. దానికి అర్థం తెలుసుకోవడానికి పదో తరగతి పాసవ్వాల్సిన పనిలేదు.

“సార్, ఉన్న విమానాన్ని లేదని చెప్పడం నాకు రాదు. అది నేర్పే క్లాసుకు ముందే బడి మానేసినా,” అని ఫోను పెట్టేశాను. ఆ సాయంత్రమే ఢిల్లీ నుంచి ఆల్మాటీకి గ్రూపు సీట్లు హోల్డ్‌లో పెట్టించాను. హోల్డ్ అంటే డబ్బు కట్టేదాకా కొద్ది రోజులు సీట్లను మన పేరున ఆపి ఉంచడం. అడగకుండా హోల్డ్ పెట్టడం మా ఓనరుకు ఇష్టం ఉండదు. ఓనరు తర్వాత ఏమన్నాడో ఇక్కడ రాయదగినది కాదు.

భోజనాల రోజు హాలు నిండింది. గుమ్మం పక్కన బిర్యానీ గిన్నెలు, మూతల చుట్టూ పిండి పెట్టి మూసినవి. వాసన మాత్రం ఆగదు. ఎస్తేరమ్మ ముందు వరసలో కూర్చుంది. పక్కన ఆమె ఆడబిడ్డ రూతమ్మ, బడిపంతులుగా రిటైరైన మనిషి. రూతమ్మ ఖర్చు తనే పెట్టుకొని, ఒకే గదిలో ఇద్దరూ ఉండేటట్టు ఎస్తేరమ్మ ముందే నాతో తేల్చుకుంది. ఒక్క మనిషికి విడిగా గది ఇవ్వాలంటే ఖర్చు ఎక్కువని మేనేజరు అడ్డం పెట్టడానికి దారి లేకుండా చేసింది.

దండ వేశారు. మేనేజరు మైకు తీసుకొని, ఈసారి పద్ధతి మారుద్దామనుకుంటున్నాం అన్నాడు. అందరి అభిప్రాయం తీసుకుందాం, చేతులెత్తండి, ఎక్కువమంది కోరిన ఊరికి పోదాం అన్నాడు. వెనక వరసలో రంగన్న చెయ్యి అప్పటికే సగం లేచి ఉంది.

ఎస్తేరమ్మ లేచింది. మైకు అడగలేదు. ఆళ్ళగడ్డ గొంతుకు మైకు అవసరం లేదు.

“పోయినేడు లేని చేతులు ఈ యేడు ఎట్ల మొలిచినాయి సార్?”

మీ సౌకర్యం కోసమేనమ్మా అన్నాడు మేనేజరు.

“నా సౌకర్యం నేను చూసుకుంటా. ఫస్టొచ్చినోళ్ళు ఊరు చెప్పాల, మీరు మైకులో చెప్పాల, ఇదీ రివాజు. నేను చెప్పినా. ఆల్మాటీ. ఇంక మీ వంతు.”

మేనేజరు నవ్వుతూ, తొందరేముంది, నిదానంగా మాట్లాడుకుందాం అన్నాడు. ఆయన లెక్కలో కాసేపు సాగదీస్తే ఆమే తగ్గుతుంది.

“నాకూ తొందర లేదు సార్. పొద్దున్నే సంగటి తిని బస్సెక్కినా,” అని ఎస్తేరమ్మ కూర్చుంది. కూర్చొని చీర కొంగు సర్దుకుంది.

హాల్లో మిగతావాళ్ళు ఎవరూ తిని రాలేదు. బిర్యానీ ఉందని పొద్దున టీతో సరిపెట్టుకొని వచ్చినవాళ్ళే అందరూ. మేనేజరు ఉపన్యాసం మొదలుపెట్టాడు, కంపెనీ విలువలు, కుటుంబం లాంటి బంధం. వంటవాడు మూతల దగ్గర నిలబడి ఆయన నోటి వైపే చూస్తున్నాడు. ఊరి పేరు రానిదే మూత తీయడానికి అతనికి చెయ్యి రాదు, ఏళ్ళ తరబడి అలవాటు. ఉపన్యాసం సాగేకొద్దీ రంగన్న చెయ్యి దిగుతూ వచ్చింది.

చివరికి మేనేజరు నా వైపు తిరిగాడు. మైకు నా చేతికిచ్చి, దస్తగిరిగారు అనుభవజ్ఞులు, అక్కడికి వెళ్ళడానికి వీలవుతుందో లేదో ఆయన్నే చెప్పమందాం అన్నాడు. నా కళ్ళలోకి చూశాడు. ఎస్తేరమ్మ కూడా చూసింది. ఆమె చూపులో ఏమీ లేదు. అంగట్లో రైతు నోట్లు లెక్కపెట్టేటప్పుడు చూస్తుందే, అట్లా చూసింది.

“వీలవుతుంది. వీసా అక్కర్లేదు. సీట్లు హోల్డ్‌లో ఉన్నాయి. కంపెనీ పెట్టిన హద్దు దాటదు,” అన్నాను.

వెనక నుంచి ఎవరో, ఆడ మందు దొరుకుతాదా అన్నా అని అడిగారు. దొరుకుతుంది, కాకపోతే అక్కడ చలికి తాగుతారు, మనలాగా ఎండకు తాగరు అన్నాను. నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే నందికొట్కూరు పెద్దాయన ఒకరు కర్ర ఊతగా లేచి నిలబడ్డాడు.

“సారూ, ఆ పేరేందో మైకులో అనేయప్పా. షుగరు మనిషిని, కళ్ళు తిరుగుతాండాయి.”

మేనేజరు అన్నాడు. రెండు ముక్కలు చేసి, మింగలేక మింగినట్టు అన్నాడు గానీ అన్నాడు. వంటవాడు మూత ఎత్తాడు.

యాత్ర వద్దన్నవాళ్ళకు కంపెనీ ఆ బంగారు నాణెమే ఇస్తామంటే, కొందరు డీలర్లు ఆ చలికి మేము రాలేమని అది తీసుకున్నారు. మొదట నాణెం అడిగింది రంగన్నే. అయితే ఆయన భార్యకు సంగతి తెలిసి, ఎస్తేరమ్మ పోతాంటే నేనెందుకు పోకూడదని కూర్చుంది. మూడుసార్లు విదేశం పోయిన మనిషి మొదటిసారి భార్యతో పోయాడు. ఈసారి బుద్ధుడి ఫోటో పంపాల్సిన పని నాకు తప్పింది.

ఢిల్లీలో ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర ఎస్తేరమ్మ పాస్‌పోర్టు చూసి అధికారి ఆగాడు. ముద్ర చూశాడు, చీర చూశాడు, హిందీలో ఏదో అడిగాడు. ఆమెకు అర్థం కాలేదు. వెనక నిలబడ్డ నన్ను పిలిచారు. మిమ్మల్ని ఎవరు తీసుకుపోతున్నారని అడుగుతున్నాడమ్మా అన్నాను. ఆయన అడగడం తప్పు కాదు. ఆ ముద్ర ఉన్న ఆడవాళ్ళను పని ఇప్పిస్తామని తీసుకుపోయి అమ్మేసేవాళ్ళు ఉన్నారు, అది కనిపెట్టడం ఆయన విధి.

“నన్ను ఎవరూ తీసుకపోవడంలేదని చెప్పన్నా. ఊరు చెప్పింది నేను. ఈ మందిని నేనే తీసుకపోతాండా.”

ఒక్క ముక్క పోకుండా హిందీలో చెప్పాను. ఆయన తల పక్కకు వంచి వెనక వరస చూశాడు. ఢిల్లీ ఎయిర్‌పోర్టులోనే మంకీ క్యాపులు పెట్టుకొని, చెమటలు కక్కుతూ, రాయలసీమ మగాళ్ళు బుద్ధిగా నిలబడి ఉన్నారు. తిరుగు టికెట్టు చూసి ముద్ర కొట్టాడు. తర్వాత నా వంతు. నా ముద్రను ఆయన చూడనేలేదు.

ఆల్మాటీలో చెట్లు ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయి. బస్సు దిగగానే డీలర్లందరూ వంగి ఆకులు ఏరారు. ఏరి వెనక్కు తిప్పారు, కింద పురుగు ఉందేమోనని. రంగన్న ఒక ఆకును ఎండకు పట్టి, ఈనెలు బాగానే ఉండాయి కదప్పా, మరి ఎందుకు పండింది అని వాదన పెట్టుకున్నాడు. గైడు పిల్లకు ఏం జరుగుతోందో అంతుపట్టలేదు. వీళ్ళు విత్తనాల వాళ్ళు, ఆకు ఊరికే రాలదని వీళ్ళ నమ్మకం అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఎస్తేరమ్మ ఏ ఆకూ ఏరలేదు. స్వెట్టరు వేసుకొని బెంచీ మీద కూర్చుంది. ఆకులు ఒళ్ళో పడుతుంటే దులుపుకోలేదు. కొండ మీదికి తీగల మీద వేలాడుతూ పోయే బండి ఎక్కుదాం రమ్మంటే, మీరు పొయ్యి రాండి అంది. ఆ పూటంతా అక్కడే కూర్చుంది. నేను ఒక తల తక్కువ లెక్కపెట్టుకొని పైకి పోయాను.

మరుసటి ఏడాది కంపెనీ రివాజు తీసేసింది. ఊరు ఇకమీదట కంపెనీయే నిర్ణయిస్తుందని డీలర్లకు కబురు వచ్చింది. యాత్ర పని హైదరాబాదులో ఎవరికో ఇచ్చారు. మా ఓనరు ఆ నష్టాన్ని నేను రిటైరయ్యే రోజు దాకా గుర్తు చేశాడు, నేను గుర్తు చేయించుకున్నాను. ఎస్తేరమ్మ ఆ కంపెనీ బోర్డు దింపేసి, వేరే కంపెనీ బోర్డు ఎక్కించింది. ఆ కొత్త కంపెనీ డీలర్షిప్ ఇస్తామన్నప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న, మీ దగ్గర ఊరు ఎవరు చెప్తారు అని.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతారు. విమానం లేని ఊరికి విమానం లేదని చెప్పండి. వీసా రాని ఊరికి వీసా రాదని చెప్పండి. కానీ ఒకరు పోవడం ఇంకొకరికి ఇష్టం లేకపోతే, ఆ మాట వాళ్ళనే చెప్పుకోనివ్వండి, మైకులో, అందరి ముందర, అన్నానికి ముందు. దాన్ని టికెట్ల భాషలోకి తిప్పి చెప్పే పని మనది కాదు. ఇట్లా చెప్తే కాంట్రాక్టు పోదా అని అడుగుతారు. పోతుంది. నాది పోయింది.